బోస్నియా యుద్ధంలో హెచ్‌వీఓ: ఊరి సైన్యం, జాగ్రెబ్ జీతం

1993 వేసవి. మోస్తార్‌లో క్రొయాట్ల సైన్యమైన హెచ్‌వీఓ ఫిరంగులు నెరెత్వ నదికి తూర్పు ఒడ్డున చిక్కుకున్న బోస్నియాక్‌ల (బోస్నియా ముస్లింల) మీద గుళ్లు కురిపిస్తున్నాయి. అవే నెలల్లో వాయవ్యాన బిహాచ్‌లో హెచ్‌వీఓ దళం బోస్నియాక్ సైనికుల పక్కనే కందకాల్లో నిలబడి సెర్బులతో పోరాడుతోంది. మధ్య బోస్నియాలోని జెప్చెలో కథ ఈ రెండింటికీ భిన్నం. అక్కడి హెచ్‌వీఓ సెర్బుల ఫిరంగి సాయం తీసుకుని బోస్నియాక్‌లతో తలపడింది. ముగ్గురి యూనిఫాం మీదా బిళ్ల ఒకటే.

క్రొయేషియన్ రక్షణ మండలి (హెచ్‌వీఓ) అంటే బోస్నియా-హెర్జెగోవినాలోని క్రొయాట్ల సాయుధ దళం. దాని పాత్ర గురించిన వాదనలు చాలావరకు రెండు ముక్కల్లో తేలిపోతుంటాయి. ఒక పక్షానికి అది సెర్బుల దాడిని మొదట అడ్డుకున్న సైన్యం, మరో పక్షానికి బోస్నియాను చీల్చడానికి జాగ్రెబ్ (క్రొయేషియా రాజధాని) వాడుకున్న పనిముట్టు. రెండింటికీ ఆధారాలున్నాయి. అయితే ఒకే సైన్యం ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు ప్రవర్తించిందో ఈ రెండూ చెప్పవు. అది తెలియాలంటే మూడు విషయాలు చూడాలి: దాన్ని ఊరూరా ఎలా కట్టారు, జీతం ఎవరిచ్చారు, ఏ రోడ్డు ఎవరి చేతిలో ఉంది.

ఆయుధం ముందు, ఆజ్ఞ తర్వాత

1991 జనాభా లెక్కల ప్రకారం బోస్నియాలో బోస్నియాక్‌లు 43.5 శాతం, సెర్బులు 31 శాతం, క్రొయాట్లు 17 శాతానికి కాస్త పైన. క్రొయాట్లు చిక్కగా ఉన్నది క్రొయేషియా సరిహద్దును ఆనుకున్న పశ్చిమ హెర్జెగోవినాలో, ఉత్తరాన సావా నది ఒడ్డు పోసావినాలో. మధ్య బోస్నియాలో మాత్రం వాళ్లు లోయల్లో చెల్లాచెదురుగా, బోస్నియాక్ ఊళ్ల పక్క ఊళ్లలో, చాలాచోట్ల ఒకే ఊళ్లో ఉండేవారు.

1991 శరదృతువులో యుగోస్లావ్ ప్రజా సైన్యం (సెర్బుల పైచేయి నడుస్తున్న కేంద్ర సైన్యం) తూర్పు హెర్జెగోవినాలోని రావ్నో అనే క్రొయాట్ గ్రామాన్ని ధ్వంసం చేసింది. అప్పటికి బోస్నియా అధికారికంగా యుద్ధంలో లేదు. సారాయెవోలోని బోస్నియా ప్రభుత్వం పక్కకు తప్పుకుని చూడాలనుకుంది. పైగా స్థానిక రక్షణ దళాల ఆయుధాలను యుగోస్లావ్ సైన్యం అంతకుముందే గుంజుకుంది. 1991 సెప్టెంబర్ 25న భద్రతా మండలి 713వ తీర్మానంతో యుగోస్లావియా మొత్తానికి ఆయుధాల దిగుమతిని నిషేధించింది. నిషేధం అందరికీ ఒకటే అయినా దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. గిడ్డంగులు సెర్బుల చేతిలో ఉన్నాయి, క్రొయాట్లకు పక్కనే క్రొయేషియా సరిహద్దు ఉంది. బోస్నియాక్‌లకు రెండూ లేవు.

నవంబర్ 18న పశ్చిమ హెర్జెగోవినాలోని గ్రూదెలో హెర్జెగ్-బోస్నియా క్రొయాట్ సముదాయాన్ని ప్రకటించారు. నాయకుడు మాతే బోబాన్. 1992 ఏప్రిల్ 8న దాని రక్షణ అంగంగా హెచ్‌వీఓ పుట్టింది. నెల తిరిగేసరికి అదే హెచ్‌వీఓ పాలనా సంస్థగానూ మారింది, పన్నులు, పోలీసు, బడులు అన్నీ దాని కిందికే వచ్చాయి. ఇక్కడే చదివేవాళ్లకు తికమక మొదలవుతుంది. పత్రాల్లో ‘హెచ్‌వీఓ నిర్ణయించింది’ అని కనిపిస్తే అది సైన్యమా, మంత్రివర్గమా అని ప్రతిసారీ సరిచూసుకోవాలి.

సైన్యం నిర్మాణం పై నుంచి కిందికి కాక కింది నుంచి పైకి సాగింది. ప్రతి మునిసిపాలిటీలో ఒక సంక్షోభ కమిటీ ఏర్పడి, అదే మనుషులను పోగుచేసి, ఆయుధాలు సంపాదించి, బ్రిగేడ్‌గా పేరు పెట్టింది. అందుకే బ్రిగేడ్ అన్న మాటకు స్థిరమైన కొలత లేదు. కొన్నిచోట్ల అది కొన్ని వందల మంది, కొన్నిచోట్ల రెండు మూడు వేలు. వాటి పైన నాలుగు ఆపరేషనల్ జోన్లు: ఆగ్నేయ హెర్జెగోవినా (మోస్తార్), వాయవ్య హెర్జెగోవినా (తోమిస్లావ్‌గ్రాద్), మధ్య బోస్నియా (వితెజ్), పోసావినా (ఒరాష్యె). అన్నిటి పైన ప్రధాన స్టాఫ్. దాని అధిపతులుగా మొదట మిలివోయ్ పెట్కోవిచ్, 1993 జులై చివరి నుంచి స్లొబొదాన్ ప్రాల్యాక్, నవంబర్ నుంచి ఆంతె రోసో వచ్చారు.

ఇలాంటి సైన్యానికి బలం, బలహీనత ఒక్కచోటే ఉంటాయి. సొంత ఊరి అంచున కందకంలో కూర్చున్నవాడు గట్టిగా నిలబడతాడు. కొన్ని రోజులు కందకం, కొన్ని రోజులు ఇల్లు, ఇలా వంతుల పద్ధతిలో నెలల తరబడి లైను కాస్తాడు. అతన్నే నలభై కిలోమీటర్ల అవతల దాడికి పంపమంటే బ్రిగేడ్ కమాండర్ కంటే ముందు ఊరి పెద్దలు అడ్డుపడతారు. అందువల్ల దాడి పనులన్నీ చిన్న ప్రత్యేక దళాల మీద పడ్డాయి. మ్లాదెన్ నాలెతిలిచ్ నడిపిన కాజ్నెనిచ్కా బోయ్నా (‘శిక్షితుల దళం’), మధ్య బోస్నియాలో వితెజోవి, సైనిక పోలీసుల్లోని జోకెరి దళం ఆ కోవలోవి. ఇవి జోన్ కమాండర్ చేతి కింద పూర్తిగా ఉండేవి కావు. సైనిక పోలీసుల సంగతే తీసుకుంటే, నియామకాలు, క్రమశిక్షణ రక్షణ శాఖలోని వాలెంతిన్ చోరిచ్ విభాగానివి. రోజువారీ పని మాత్రం జోన్ కమాండర్ చెప్పాలి. ఇద్దరు యజమానులున్న దళం చేసిన పనికి బాధ్యులెవరన్నది తర్వాత హేగ్‌లోని యుద్ధ నేరాల కోర్టులో ఏళ్ల తరబడి నలిగిన ప్రశ్న.

ఇక జీతం. హెచ్‌వీఓకు డబ్బు, ఇంధనం, ఆయుధాలు, అధికారులు ప్రధానంగా క్రొయేషియా నుంచే వచ్చాయి. క్రొయేషియా రక్షణ మంత్రి గోయ్‌కో షూషక్ హెర్జెగోవినా మనిషే. పెట్కోవిచ్, ప్రాల్యాక్, రోసో ముగ్గురూ క్రొయేషియా సైన్యం నుంచి వచ్చినవాళ్లు, ‘స్వచ్ఛందంగా’ అన్న మాట కాగితం మీదిది. 1994 ఫిబ్రవరి మొదట్లో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి ఇచ్చిన అంచనా ప్రకారం బోస్నియాలో క్రొయేషియా రెగ్యులర్ సైనికులు 3,000 నుంచి 5,000 మంది ఉన్నారు. హెచ్‌వీఓ మొత్తం బలం సుమారు 45,000–50,000 అనుకుంటే అది చిన్న సంఖ్యే. కానీ హెర్జెగోవినాలో ఫిరంగి, ప్రణాళిక, కదిలే దళం ఎవరివన్నది చూస్తే ఆ సంఖ్య బరువు తెలుస్తుంది.

1992: నిలబెట్టింది ఎక్కడ, పోగొట్టుకుంది ఎక్కడ

మొదటి దెబ్బ కుప్రెస్‌లో తగిలింది. 1,200 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పీఠభూమి తీరం వైపు నుంచి మధ్య బోస్నియాకు వెళ్లే దారికి గుమ్మం. ఏప్రిల్ మొదటి పది రోజుల్లోనే యుగోస్లావ్ సైన్యం ట్యాంకులతో దాన్ని పట్టుకుంది. తేలిక ఆయుధాల దళం చదును నేల మీద ట్యాంకులను ఆపలేదని అక్కడ తేలింది. అదే దళం ఏప్రిల్ చివర్లో లివ్నో ముందు, కొండ అంచున, కందకాలు తవ్వుకుని నిలబడగలిగింది.

జూన్‌లో మోస్తార్ దగ్గర పరిస్థితి తిరగబడింది. యాంకో బొబెత్కో నడిపించిన క్రొయేషియా సైన్యం, హెచ్‌వీఓ కలిసి జూన్ 7న మొదలుపెట్టిన చాగల్య్ (నక్క) ఆపరేషన్‌లో సెర్బు దళాలను నగరం అంచుల నుంచి, నెరెత్వ తూర్పు ఒడ్డు నుంచి వెనక్కి నెట్టాయి. అందులో హెచ్‌వీఓ తరఫున పోరాడిన వాళ్లలో బోస్నియాక్‌లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆయుధం ఎవరి దగ్గర దొరికితే ఆ సైన్యంలో చేరడమే అప్పటి లెక్క. సరిగ్గా ఏడాది తర్వాత అదే మనుషుల్ని హెచ్‌వీఓ తన శిబిరాల్లో బంధించింది.

ఉత్తరాన మాత్రం పరాజయమే. సెర్బులకు బాన్యా లూకాను సెర్బియాతో కలిపే దారి ప్రాణాధారం, ఆ దారి పోసావినా గుండా పోతుంది. జూన్ చివర మొదలైన దాడి అక్టోబర్ 6–7 నాటికి బోసాన్స్కి బ్రోద్ పట్టణం పడిపోవడంతో ముగిసింది. హెచ్‌వీఓ వంతెన మీదుగా సావా దాటి వెనక్కి పోయింది. అంత హఠాత్తుగా ఖాళీ చేయడం వెనక క్రొయేషియా అధ్యక్షుడు తుజ్మాన్‌కూ సెర్బు నాయకులకూ మధ్య బేరం ఉందన్న అనుమానం ఇప్పటికీ వినిపిస్తుంది. మే 6న ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో బోబాన్, బోస్నియా సెర్బుల నాయకుడు రాదొవాన్ కరాజిచ్ కలిసి బోస్నియా పంపకం గురించి మాట్లాడుకున్న మాట నిజమే కాబట్టి ఆ అనుమానం వట్టి గాలికబురు కాదు. అయితే ఊరి బ్రిగేడ్లు ఒక్కొక్కటిగా తమ ఊరు పడగానే కుటుంబాలతో నది దాటిపోవడం కూడా అంతే నిజం. వంతెన వెనకే ఉన్న సైన్యానికి నిలబడే కారణం తక్కువ. సావా వంపులో ఒరాష్యె ముక్క మాత్రం యుద్ధం చివరిదాకా హెచ్‌వీఓ చేతిలోనే ఉంది. 1995 మేలో సెర్బులు చేసిన దాడి కూడా దాన్ని కదపలేకపోయింది. ఎదురొడ్డు క్రొయేషియా కావడంతో ఫిరంగి సాయానికీ సరుకుకూ కొరత రాలేదు.

మిత్రులు విడిపోయిన తీరు

1992 జులై 21న బోస్నియా అధ్యక్షుడు ఇజెత్‌బేగోవిచ్, తుజ్మాన్ ఒప్పందం చేసుకున్నారు. హెచ్‌వీఓ బోస్నియా సాయుధ బలగాల్లో భాగమన్నది అందులో ఒక అంశం. ఆగస్టు 9న మోస్తార్ దగ్గర క్రూషెవోలో హెచ్‌ఓఎస్ (హెచ్‌వీఓకు బయట ఉన్న మరో సాయుధ దళం) నాయకుడు బ్లాజ్ క్రాల్యెవిచ్‌ను హెచ్‌వీఓ మనుషులు కాల్చి చంపారు. ఆయన క్రొయాటే, కానీ పంపకానికి వ్యతిరేకి, బోస్నియాక్‌లతో కలిసి పోరాడుతున్నవాడు. రెండు వారాల్లో ఆ దళం హెచ్‌వీఓలో కలిసిపోయింది. బోస్నియాక్‌లకూ క్రొయాట్లకూ మధ్య వారధిగా మిగిలిన సాయుధ శక్తి దాంతో అంతరించింది. సెప్టెంబర్ 14న బోస్నియా రాజ్యాంగ న్యాయస్థానం హెర్జెగ్-బోస్నియాను చట్టవిరుద్ధమంది. దాన్ని గ్రూదెలో ఎవరూ పట్టించుకోలేదు.

చీలికకు రాజకీయం మూలమైతే, దాన్ని రాజేసినవి మూడు. మొదటిది ఆయుధాల దారి. బోస్నియాక్ సైన్యానికి వెళ్లే ప్రతి లారీ క్రొయేషియా ఓడరేవులు దాటి, హెర్జెగోవినా గుండా, తోమిస్లావ్‌గ్రాద్–ప్రోజోర్–గోర్ని వకుఫ్ కొండదారిలోనో, మోస్తార్–యాబ్లానిత్సా లోయలోనో పోవాలి. ప్రతి చెక్‌పోస్టు దగ్గరా వాటా అడిగేవాళ్లు, తగాదా వస్తే లారీనే ఆపేసేవాళ్లు. అక్టోబర్ చివర్లో ప్రోజోర్‌లో మొదలైన కాల్పులు ఈ దారి మీదివే. రెండోది శరణార్థులు. అక్టోబర్ 29న యాయ్‌ట్సె పట్టణం సెర్బుల వశమైంది. దాన్ని కలిసి కాపాడాల్సిన రెండు సైన్యాలు వెనకాల నోవి ట్రావ్నిక్‌లో ఒకదానితో ఒకటి కాల్చుకుంటున్న వారమది. ముప్పై వేల మందికి పైగా రోడ్డున పడ్డారు. వాళ్లలో బోస్నియాక్‌లు మధ్య బోస్నియాలోని లాష్వ లోయలోకి చేరడంతో అక్కడి జనాభా తూకం మారింది, పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని మనుషులతో బోస్నియాక్ బ్రిగేడ్లు నిండాయి.

మూడోది శాంతి ప్రణాళిక. 1993 జనవరి 2న వచ్చిన వాన్స్–ఓవెన్ ప్రణాళిక బోస్నియాను పది ప్రావిన్సులుగా విడదీసింది, వాటిలో మూడింట క్రొయాట్లది పైచేయి. శాంతి కోసం గీసిన ఆ గీతలను హెచ్‌వీఓ ముందుగానే నేల మీద అమలు చేయబోయింది. ‘మా’ ప్రావిన్సుల్లోని బోస్నియాక్ దళాలు మా ఆజ్ఞ కిందికి రావాలని జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో మరోసారి గడువు పెట్టింది. జనవరి గడువు గోర్ని వకుఫ్ పోరుగా, ఏప్రిల్ గడువు మొత్తం యుద్ధంగా మారింది. అప్పటి ఐరాస రక్షణ దళానికి 1993 మార్చి దాకా కమాండర్‌గా ఉన్నది భారత సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్ సతీశ్ నంబియార్. ఆ దళానికిచ్చిన అధికారంలో రెండు సైన్యాల మధ్య బలవంతంగా అడ్డు నిలబడే వీలు లేదు.

లాష్వ లోయ

ఏప్రిల్ 16 తెల్లవారుజామున హెచ్‌వీఓ వితెజ్ చుట్టుపక్కల ఒకేసారి దాడి మొదలుపెట్టింది. అహ్మిచి గ్రామంలో సైనిక పోలీసులు, జోకెరి దళం ఇంటింటికీ వెళ్లి సుమారు 116 మందిని చంపారు, ఆడవాళ్లు, పిల్లలతో సహా. బోస్నియాక్ ఇళ్లను తగలబెట్టి, మసీదు మినారును పేల్చివేశారు. క్రొయాట్ ఇళ్లు నిలిచే ఉన్నాయి. ఇది అదుపు తప్పిన కాల్పులు కాదని ఆ తేడాయే చెబుతుంది. అదే రోజు బోస్నియాక్ సైన్యానికి చెందిన ఒక ప్రత్యేక దళం కొన్యిత్స్ దగ్గర త్రూసినాలో క్రొయాట్ పౌరులను, పట్టుబడిన సైనికులను చంపింది. సెప్టెంబర్‌లో గ్రాబోవిత్సా, ఉజ్దోల్‌లలో మళ్లీ బోస్నియాక్ సైన్యం చేతిలో క్రొయాట్లు, అక్టోబర్ 23న స్తూప్ని దోలో హెచ్‌వీఓ చేతిలో కనీసం 37 మంది బోస్నియాక్‌లు హతమయ్యారు.

నైతికత అటుంచి, సైనికంగా చూసినా ఏప్రిల్ దాడి తప్పు లెక్క. మధ్య బోస్నియాలో హెచ్‌వీఓకు ఎడతెగని భూభాగమే లేదు. బుసోవాచ–కిసెల్యాక్ రోడ్డును బోస్నియాక్‌లు జనవరిలోనే తెంచేశారు. అంటే జోన్ కమాండర్ తిహొమిర్ బ్లాష్కిచ్ వితెజ్‌లో కూర్చుని కిసెల్యాక్, వారెష్, జెప్చె దళాలకు ఫోన్‌లోనో రేడియోలోనో చెప్పాలి, వాళ్లు విన్నంతే. ఎదురుగా జెనిత్సా కేంద్రంగా ఉన్న బోస్నియాక్ 3వ కోర్‌కు (చాలా బ్రిగేడ్లున్న పెద్ద విభాగం) మనుషుల బలం ఎక్కువ. జూన్‌లో ట్రావ్నిక్, కాకాన్య్, జులైలో బుగోయ్నో, నవంబర్ మొదట్లో వారెష్ హెచ్‌వీఓ చేజారాయి. ట్రావ్నిక్ నుంచి వేలమంది క్రొయాట్లు వ్లాషిచ్ కొండ మీద సెర్బు లైన్లలోకే పారిపోవాల్సి వచ్చింది.

మరి వితెజ్ ముక్క తొమ్మిది నెలలకు పైగా ఎలా నిలిచింది? అక్కడ పేలుడు పదార్థాల కర్మాగారం ఉంది. మందుగుండుకు ముడిసరుకు చేతిలో ఉండటమే కాదు, పట్టుకోవడానికొస్తే పేల్చేస్తామన్న బెదిరింపు కూడా పనిచేసింది. చిన్న వలయం కావడంతో నిల్వ దళాన్ని ఒక అంచు నుంచి ఇంకో అంచుకు త్వరగా తరలించవచ్చు. ఎదుటివాళ్లకు మనుషులున్నా ఫిరంగి గుళ్లు తక్కువ, కాబట్టి కాల్బలంతో కొద్దికొద్దిగా కొరకడమే తప్ప ఒక్క దెబ్బతో చీల్చలేకపోయారు. హెర్జెగోవినా నుంచి రాత్రిపూట హెలికాప్టర్లు మందులు తెచ్చి గాయపడినవాళ్లను తీసుకెళ్లేవి. నోవా బీలాలో ఫ్రాన్సిస్కన్ చర్చినే ఆసుపత్రి చేశారు.

సెర్బులతో వ్యాపారం కూడా ఇక్కడిదే. కిసెల్యాక్, జెప్చెలలో హెచ్‌వీఓ సెర్బుల నుంచి ఫిరంగి సాయాన్ని, ఇంధనాన్ని డబ్బు పెట్టి కొనుక్కుంది. నాలుగు వైపులా మూసుకుపోయినప్పుడు తెరుచుకున్న తలుపు అదొక్కటే అన్నది హెచ్‌వీఓ వైపు వాదన. ఆ మిగతా తలుపుల్ని మూయించింది ఏప్రిల్ గడువే అన్న సంగతి ఆ వాదనలో ఉండదు.

మోస్తార్, ఆ తర్వాత

మే 9న హెచ్‌వీఓ మోస్తార్ పశ్చిమ భాగంలోని బోస్నియాక్ స్థానాల మీద దాడి చేసి, పౌరులను వేల సంఖ్యలో హెలియోద్రోమ్ శిబిరానికి తరలించింది. జూన్ 30న నగరానికి ఉత్తరాన ఉన్న బారక్‌ను బోస్నియాక్ సైన్యం పట్టుకుంది, హెచ్‌వీఓలోని బోస్నియాక్ సైనికులు అందుకు తోడ్పడ్డారు. దాంతో హెచ్‌వీఓ తన సొంత బోస్నియాక్ సైనికులను నిరాయుధుల్ని చేసి, పోరాడే వయసున్న మగవాళ్లందరినీ ద్రెతెల్య్, గాబెలా, హెలియోద్రోమ్‌లకు తోలింది. ఖైదీలతో ముందు లైనులో ఇసుక సంచులు మోయించారు, కందకాలు తవ్వించారు. తూర్పు ఒడ్డు ముట్టడిలో చిక్కింది. 1566 నాటి పాత వంతెన నవంబర్ 8న ట్యాంకు దెబ్బలు తిని 9న నదిలో కూలింది.

మోస్తార్‌ను చూసి హెచ్‌వీఓ మొత్తాన్ని అంచనా కట్టడం సులువు. కానీ తూజ్లాలో, బిహాచ్‌లో, ఉసోరాలో హెచ్‌వీఓ బోస్నియాక్ సైన్యంతో కలిసే ఉంది. ఆ చోట్ల ఇద్దరికీ ఎదుట ఉన్నది సెర్బులు. హెర్జెగోవినాతో దారి లేదు, గ్రూదె ఆజ్ఞలు పాటిస్తే మిగిలేది ఆత్మహత్యే. సారాయెవోలో హెచ్‌వీఓ ‘రాజు త్వర్త్కో’ బ్రిగేడ్‌ను 1993 నవంబర్‌లో ప్రభుత్వమే నిరాయుధం చేసి తన 1వ కోర్‌లో కలుపుకుంది. అయితే భూగోళం చూపి బాధ్యత దాటవేయకూడదు. దారి ఎక్కడ తెగిందన్నది స్నేహమా శత్రుత్వమా అన్నది తేల్చింది. మోస్తార్‌లో శిబిరాలు తెరవాలన్నది మాత్రం కూర్చుని తీసుకున్న నిర్ణయం.

1994 ఫిబ్రవరి 3న భద్రతా మండలి క్రొయేషియాను హెచ్చరించింది. అమెరికా ఒత్తిడి తోడైంది. ఫిబ్రవరి 23న రోసో, బోస్నియాక్ సైన్యాధిపతి రాసిమ్ దెలిచ్ కాల్పుల విరమణపై సంతకం చేశారు, బోస్నియాక్‌లు, క్రొయాట్లు ఒకే ఫెడరేషన్‌గా కలిసే వాషింగ్టన్ ఒప్పందం మార్చి 18న ఖరారైంది. జీతమిచ్చే చెయ్యి విధానం మార్చుకోగానే పది నెలల యుద్ధం కొన్ని వారాల్లో ఆగింది. హెచ్‌వీఓ మీద అసలు పట్టు ఎవరిదన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు అక్కర్లేదు.

ఆ తర్వాత సైన్యాన్ని తిరగరాశారు. ఊరి బ్రిగేడ్లను లైను కాచే హోంగార్డు రెజిమెంట్లుగా మార్చి, ఎక్కడికైనా కదిలే నాలుగు గార్డ్స్ బ్రిగేడ్లను పూర్తికాలపు సైనికులతో విడిగా కట్టారు. 1992లో లేనిది సరిగ్గా ఇదే. ఫలితం 1994 నవంబర్ 3న కుప్రెస్‌లో కనిపించింది, బోస్నియాక్ సైన్యం ఒకవైపు నుంచి ఒత్తిడి చేయగా హెచ్‌వీఓ పట్టణాన్ని తిరిగి పట్టుకుంది. నవంబర్ చివర నుంచి డిసెంబర్ 24 దాకా లివ్నో లోయలో, దినారా మంచులో, క్రొయేషియా సైన్యంతో కలిసి సుమారు 20 కి.మీ. ముందుకు జరిగింది. 1995 జులై చివర్లో గ్లామోచ్, బోసాన్స్కో గ్రాహొవో చిక్కడంతో క్రొయేషియాలోని సెర్బుల రాజధాని క్నిన్‌కు సరఫరా దారి తెగింది. ఆగస్టు 4న మొదలైన ‘తుఫాను’ ఆపరేషన్‌లో క్నిన్ రెండు రోజుల్లోపే పడిపోవడానికి ఇది పెద్ద కారణం. సెప్టెంబర్ 13న యాయ్‌ట్సె తిరిగొచ్చింది. అక్టోబర్ రెండో వారానికి మ్ర్కోనిచ్ గ్రాద్ కూడా పడి, దళాలు బాన్యా లూకాకు సుమారు 25 కి.మీ. దూరంలో ఉన్నాయి. ఈ దాడులను నడిపింది క్రొయేషియా జనరల్ ఆంతె గోతోవినా అన్నది మరవకూడదు, హెచ్‌వీఓ గార్డ్స్ అందులో ఒక భాగం మాత్రమే.

హేగ్ తీర్పుల్లో ఈ సైన్యం నిర్మాణం అడుగడుగునా కనిపిస్తుంది. బ్లాష్కిచ్‌కు 2000లో 45 ఏళ్ల శిక్ష పడితే, 2004లో అప్పీలులో 9 ఏళ్లకు తగ్గింది. అహ్మిచిలో చంపిన దళం మీద ఆయనకు నిజమైన అదుపు ఉన్నట్టు రుజువు కాలేదు. రాజకీయ నాయకుడు దారియో కోర్దిచ్‌కు మాత్రం 25 ఏళ్లు ఖాయమయ్యాయి. 2017 నవంబర్ 29న హెర్జెగ్-బోస్నియా నాయకులు, అధికారులైన ప్రిలిచ్, స్టోయిచ్, ప్రాల్యాక్, పెట్కోవిచ్, చోరిచ్, పూషిచ్‌లకు 10 నుంచి 25 ఏళ్ల శిక్షలను అప్పీలు ధర్మాసనం ఖరారు చేసింది. తుజ్మాన్, షూషక్, బొబెత్కోలు కూడా భాగస్వాములైన ఉమ్మడి నేర పథకం ఉందని తేల్చింది. పాత వంతెన కూల్చివేతపై ఇచ్చిన శిక్షను మాత్రం అది సైనిక లక్ష్యమే అన్న కారణంతో కొట్టేసింది. తీర్పు వింటూనే ప్రాల్యాక్ కోర్టులో విషం తాగి, తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు.

1995 చివర యుద్ధాన్ని ముగించిన డేటన్ ఒప్పందం తర్వాత కూడా ఫెడరేషన్ సైన్యంలో హెచ్‌వీఓ విడి అంగంగానే కొనసాగింది. 2001 వసంతంలో క్రొయాట్ ‘స్వపరిపాలన’ ప్రకటించిన నాయకుల పిలుపుతో వేలమంది సైనికులు బారక్‌లు వదిలి వెళ్లారు. ఏప్రిల్‌లో అంతర్జాతీయ దళాలు ఆ నాయకుల డబ్బు నడిచే హెర్జెగోవచ్కా బ్యాంకును స్వాధీనం చేసుకున్నాయి. కొద్ది వారాలకే సైనికులు తిరిగి బారక్‌ల దారి పట్టారు. 2006 నుంచి బోస్నియాకు ఒకే సైన్యం, ఒకే రక్షణ శాఖ. హెచ్‌వీఓ సంప్రదాయాన్ని అందులో 1వ పదాతి రెజిమెంటు మోస్తోంది, కానీ ఆ రెజిమెంటుకు యుద్ధ దళాల మీద ఆజ్ఞాధికారం లేదు.